మొగిలమ్మ పెట్టని ముద్ద

పొద్దున ఎనిమిది గంటలకు వరంగల్ మట్టెవాడలో ఏ ఇంట్లో ఏ పని నడుస్తున్నా, సుభాషిణి ఇంట్లో మాత్రం పోస్టు పడాల్సిందే. పొయ్యి మీద పాలు పొంగిపోయినా, కూతురు పింకిని బడికి తీసుకెళ్లే ఆటో గేటు ముందు హారన్ కొట్టినా, ఆమె వేలు ఫోను మీదే ఉంటుంది. లింక్డ్‌ఇన్‌లో పోస్టు పెట్టాక మొదటి గంటే ప్రాణమట. ఆ గంటలో వచ్చిన ప్రతి కామెంటుకూ జవాబివ్వాలి, ఇంకో నలుగురి పోస్టుల కింద తనూ నాలుగు మంచి మాటలు రాయాలి. అప్పుడే అది పదిమందికీ కనిపిస్తుందట.

ఆ బుధవారం కూడా అంతే. తల్లి మొగిలమ్మ వంటింటి గడపలో నిలబడి రెండుసార్లు పిలిచింది.

"సుభా, నేను వర్ధన్నపేట పోతాన్న."

"ఊఁ."

"యాకమ్మ కాడ నాలుగొద్దులు ఉండొస్త."

"సరే పో. శుక్రవారం కల్లా రా అమ్మా, హైదరాబాద్ హోటలోళ్లకు శాంపిల్ పంపాలె. నువ్వు చూడంది కాయ గిర్నికి పోదు."

మొగిలమ్మ వెనక్కి తిరిగింది. రోజూ మిరపకాయల ముందు పరుచుకుని కూర్చునే గోనెపట్టాను దులిపి, మడిచి, అటక మీద పెట్టింది. నాలుగు రోజుల కోసం ఊరెళ్లేవాళ్లెవరూ అలా చేయరు. సుభాషిణి తలెత్తి చూసి ఉంటే ఆ ఒక్క పనితోనే గ్రహించేది. తలెత్తలేదు. ఆ సంగతి తర్వాత ఆమె ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చిందో ఆమెకే తెలియాలి.

'మొగిలి కారం' మొదలై మూడేళ్లయింది. తేజ రకం మిర్చికి చేత్తో తొడిమ తీసి, ఎండబెట్టి, గిర్నిలో పట్టించి అమ్మే కారం. కాయను విరిచి వాసన చూసి, ఇది పనికొస్తుంది, ఇది రాదు అని తేల్చేది మొగిలమ్మ. వర్ధన్నపేట షెడ్లలో, వరంగల్ గోదాముల్లో ముప్ఫై ఏళ్లు కూలికి తొడిమలు తీసిన చెయ్యి అది. భర్త పోయాక కూతురింటికి వచ్చింది. ఆమె పేరునే కూతురు కారానికి పెట్టుకుంది. మొదటి పాకెట్టు అచ్చయి వచ్చిన రోజు, చదువు రాని ఆ మనిషి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందుల నా పేరు ఏ కాడ ఉన్నదే?" అని అడిగింది. వేలు పెట్టి చూపిస్తే ఆ అక్షరాలను చాలాసేపు బొటనవేలితో నిమిరింది.

ప్రకటనలకు ఖర్చు పెట్టకుండా బ్రాండును దానంతట దాన్నే పెరగనివ్వాలని సుభాషిణి పట్టుదల. దాన్నే ఆర్గానిక్ గ్రోత్ అంటారని నేర్చుకుంది. ఏడాదిన్నర పాటు కారం రంగు గురించి, తేమ గురించి, తొడిమతో పట్టిస్తే రుచి ఎట్లా చెడుతుందో దాని గురించి ఓపిగ్గా రాసింది. చదివినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చివరికి ఆన్‌లైన్లో మార్కెటింగ్ పాఠాలు చెప్పే ఒకాయన ఆమె పోస్టులన్నీ చూసి పెదవి విరిచాడు.

"కారం గురించి ఎవరు చదువుతారు మేడమ్? మీ గురించి చదువుతారు. మీ జీవితంలో ఏదైనా గాయం ఉంటే చెప్పండి. మొదటి వాక్యం దగ్గరే వేలు ఆగిపోవాలి" అన్నాడు.

సుభాషిణి గాయం కోసం వెతికింది. వెతికితే దొరకనిదేముంది?

"మా అమ్మ నాకు ఒక్కనాడు కూడా ముద్ద కలిపి తినిపించలేదు" అని ఆ బుధవారానికి పది రోజుల ముందు ఇంగ్లిషులో మొదలుపెట్టింది. చేతులు చాచి వెళ్తే దూరం పొమ్మనేదని, పక్కింటావిడ యాకమ్మ పెట్టిన ముద్దలతో తాను పెరిగిందని, మిరపకాయల మీదున్న ధ్యాస అమ్మకు తన మీద లేదని రాసింది. ఆ మిరపకాయలనే బ్రాండుగా మార్చి, అమ్మ పేరే పెట్టుకున్నానని ముగించింది. కింద మొగిలమ్మ అరచేతుల ఫొటో పెట్టింది. అబద్ధమేమీ రాయలేదు, ఆమెకు గుర్తున్నది అంతే. ఎందుకట్లా చేసేదానివని తల్లిని ఒక్కమాట అడగాలని మాత్రం తోచలేదు. అమ్మకు ఇంగ్లిషు కాదు కదా తెలుగే చదవడం రాదు, ఇంకేం ఫికర్ అనుకుంది.

రెండు రోజుల్లో దాన్ని మూడు లక్షల మంది చూశారు. అమెరికా నుంచి కామెంట్లు, బొంబాయి నుంచి ఆర్డర్లు, హైదరాబాదు నుంచి హోటలు వాళ్ల ఫోను. సుభాషిణికి కాళ్లు నేల మీద నిలవలేదు.

శుక్రవారం వచ్చింది, మొగిలమ్మ రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. సాయంత్రం బడి నుంచి వచ్చిన మహిపాల్ చెప్పులు కూడా విప్పకుండా భార్య ముందు ఫోను పెట్టాడు. అతను గీసుకొండ వైపు సర్కారు బడిలో పంతులు.

"మా టీచర్ల గ్రూపుల వచ్చింది. ఎవరో తెలుగుల రాసి తిప్పుతాండ్రు. అత్తమ్మ చేతుల ఫొటో గూడ ఉన్నది."

సుభాషిణి నిలబడే చదివింది. ఇంగ్లిషులో అందంగా కనిపించిన మాటలు తెలుగులో చూస్తే ఒంటి మీద గుడ్డ లేనట్టున్నాయి.

"పెట్టేముందు ఆమెను అడిగినవా?"

"నేనేం చెడ్డగ రాయలె. ఆఖర్ల అమ్మ గురించి మంచిగనే రాసిన గద."

"ఆఖరిదాక ఎవలు సదువుతరు సుభా? నేనే మొదటి లైన్ కాడ ఆగిపోయిన."

ఆదివారం పొద్దున్నే పింకిని చంకనేసుకుని సుభాషిణి వర్ధన్నపేట బస్సెక్కింది.

యాకమ్మ ఇంటి పక్కన రేకుల షెడ్డులో ఆడవాళ్లు మిరప కుప్ప చుట్టూ కూర్చుని తొడిమలు తీస్తున్నారు. ఆమెను చూడగానే మాటలాగిపోయాయి. ఎవరూ "ఎప్పుడొచ్చినవే" అని కూడా అడగలేదు. మొగిలమ్మ ఇంట్లో పొయ్యి ముందు ఉంది. మనవరాలిని దగ్గరికి తీసుకుంది గానీ కూతురి వైపు చూడలేదు.

"పోదాం రా అమ్మా. నువ్వు లేక కాయ అట్లనే పడి ఉన్నది."

మొగిలమ్మ కట్టెను పొయ్యిలోకి ఎగదోసింది. జవాబు యాకమ్మ చెప్పింది.

"ఏం మొఖం పెట్టుకొని వస్తది? పోయిన ఐతారం మీ అమ్మ ఈడికి వచ్చిన పూటనే అది మా కోడలు వినోద ఫోన్ల వచ్చింది. చేతుల బొమ్మ జూసి అవి తనయేనని మీ అమ్మ గుర్తుపట్టింది. నా బిడ్డ నా గురించి ఏందో మంచిగ రాసింది, జర అందరు వినేటట్టు సదువు వినోదా అన్నది. అది సదివింది. షెడ్డుల ఇరవై మందిమి ఉన్నం."

"పెద్దమ్మా, నేను అబద్ధం రాయలె. నాకు అన్నం పెట్టింది నువ్వే గద."

"నేనే పెట్టిన. ఎందుకు పెట్టిన్నో రాసినవా?"

యాకమ్మ కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"నీకు మూడేండ్లప్పుడు, మీ అమ్మ పొద్దంతా మిరపకాయ తొడిమలు తీసొచ్చి, సబ్బుతోని కడిగి, నూనె రాసి, మల్ల కడిగి పప్పన్నం కలిపి పెట్టింది. ఎంత కడిగితే పోతదే ఆ మంట? నీ పెదాలు వాచినయ్. ఏడ్సుకుంట ఆమె చెయ్యి వట్టుకొని కండ్లకు రాసుకున్నవ్. కండ్లు తెరుస్తలేవని నిన్నెత్తుకొని వరంగల్ దవాఖానకు ఉరికింది. మల్ల నువ్వు చూసినదాక మూడొద్దులు పచ్చి మంచినీళ్లు తాగలె. ఇంటికొచ్చి నా చేతులు వట్టుకొని, ఇగ నా బిడ్డకు నువ్వే పెట్టక్కా అన్నది. మిరపకాయల మీదున్న ధ్యాస నీ మీద లేదా ఆమెకు?"

సుభాషిణి గడప మీద కూర్చుండిపోయింది. అయినా లోపల ఎక్కడో ఆఖరి పంతం మిగిలింది. "మరి కాయ అయిపోయినంక? వానాకాలంల గూడ పెట్టలె గద" అంది సన్నగా.

అప్పుడు తలెత్తింది మొగిలమ్మ.

"పెట్టిన. వానలు పడ్డంక ఒకనాడు మంచిగ కలిపి పెట్టిన. నువ్వు మొఖం తిప్పుకున్నవ్. యాకమ్మనే పెట్టాలె అని ఏడ్సినవ్. బలవంతం జేసుడెందుకని చెయ్యి కడుక్కున్న. ఆ తర్వాత హాస్టల్ల ఏస్తిమి." కట్టెను వెనక్కి లాగింది. "నువ్వు మర్సిపోయినవ్. మంచిదే అనుకున్న. నేను మర్వలె."

"అమ్మా, ఇప్పుడే తీసేస్త దాన్ని."

"విన్నోళ్ల చెవులకెల్లి ఎట్ల తీస్తవ్? కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్తదంటరు. నువ్వు చించింది నా కడుపు, బిడ్డా."

కోపంగా అని ఉంటే ఎంతో బాగుండేది. అంతే మామూలుగా అనేసి అన్నం వార్చడానికి లేచింది.

తిరిగి బస్సెక్కడానికి సుభాషిణికి ముఖం చెల్లలేదు. ఏం చెయ్యాలో తెలియక షెడ్డులోకి వెళ్లి, కుప్ప పక్కన ఖాళీ చూసుకుని కూర్చుంది. యాకమ్మ కోడలు వినోద జాలిపడి, "చేతులకు కవర్లు తొడుక్కో వదినా, అలవాటు లేదు నీకు" అంది. వద్దంది. మూడేళ్లుగా మిరపకాయల మీద బతుకుతూ, ఫొటో కోసం పది కాయలు తీసిందే తప్ప ఒక పూటంతా కూర్చుని తొడిమ తీసిన పాపాన పోలేదు. మొదట గోళ్ల సందుల్లో చురుక్కుమంది. తర్వాత వేళ్లు, తర్వాత అరచేతులు. మధ్యాహ్నం దాటేసరికి చేతులు పొయ్యిలో పెట్టినట్టున్నాయి. బకెట్లో ముంచినంతసేపే చల్లన, తీస్తే మళ్లీ అదే మంట. తిండికి రమ్మని ఎవరో పిలిచినా లేవలేదు.

లోపల నిద్రపోయిన పింకి లేచింది. కొత్త చోటు, ఆకలి. "అమ్మా" అని ఏడుస్తూ షెడ్డులోకి పరుగెత్తుకొచ్చి తల్లి మీద పడబోయింది. సుభాషిణి చేతులు రెండూ వాటంతటవే వెనక్కి పోయాయి.

"దూరం పో."

ఆ గొంతు ఆమెది కాదు. ఆమె చిన్నప్పుడు విన్న గొంతు. అదే కటువు, అదే భయం. భయమని ఇన్నేళ్లూ తెలియలేదు. పింకి ఉన్నచోటే ఆగిపోయి, కింది పెదవి బిగబట్టి తల్లిని చూసింది. ఈ పిల్ల దీన్ని ఏమని గుర్తుపెట్టుకుంటుందో, పెద్దయ్యాక ఎవరికేం చెప్పుకుంటుందో అనుకునేసరికి సుభాషిణికి ఏడుపు ఆగలేదు. కన్నీళ్లు తుడుచుకుందామన్నా చేతులు పనికిరావు. అందరి ముందూ అలాగే కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది.

"కండ్లకు చెయ్యి పెట్టకు" అంటూ మొగిలమ్మ వచ్చింది. చేతిలో అన్నం పళ్లెం ఉంది. కొంగుతో కూతురి ముఖం తుడిచింది. పింకిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పప్పన్నం కలిపి నాలుగు ముద్దలు పెట్టింది. నాలుగు రోజులుగా ఆ చేతులు మిరపకాయ ముట్టలేదు. ఐదో ముద్ద కూతురి నోటి ముందుకు వచ్చి ఆగింది.

"పొద్దుగాల నుంచి ఏం తినలె. ఒక్క బుక్క తిను."

ముప్ఫై రెండేళ్ల సుభాషిణి ఈసారి ముఖం తిప్పుకోలేదు.

మొగిలమ్మ ఆ రోజు కూతురితో రాలేదు. ఎప్పుడొస్తానో కూడా చెప్పలేదు.

మర్నాడు సుభాషిణి పాత పోస్టు తీసేసి కొత్తది రాసింది. మొదటిసారి తెలుగులో, వేలు ఆపే వాక్యమేదీ లేకుండా, జరిగింది జరిగినట్టు. దవాఖాన గురించి, వానాకాలంలో తాను తిప్పుకున్న ముఖం గురించి రాసింది. అడగకుండా రాశాను, తప్పు నాది అని ముగించింది. వేళ్లింకా మండుతూనే ఉన్నాయి. సాయంత్రానికి నలభై మూడు మంది చూశారు. హోటలు వాళ్లు శాంపిల్ ఇంకెవరి దగ్గరో తీసుకున్నామని మెసేజ్ పెట్టారు. తప్పుడు మాటను మోసుకెళ్లిన మూడు లక్షల మందిలో వెనక్కి వచ్చి ఇది చదివినవాళ్లు దాదాపు లేరు.

మంగళవారం పొద్దున ఎనిమిదింటికి ఫోను మోగింది. మొగిలమ్మ.

"వినోద సదివింది. షెడ్డుల అందరం విన్నం" అంది. అవతల ఆడవాళ్ల మాటలు, కాయలు రాశిపోస్తున్న చప్పుడు వినిపిస్తూనే ఉన్నాయి.

"అమ్మా..."

"అటక మీద నా గోనెపట్టా ఉన్నది. దించి జర ఎండకెయ్యి."