కడుపుమంట

కార్మిక మంత్రి పలక మీద అరచెయ్యి ఆనించి పది సెకన్లు కూడా కాలేదు, బూట్లలో ఆయన కాళ్ళు ముడుచుకుపోవడం ఎదుటి వరసలో కూర్చున్న పరాంకుశానికి స్పష్టంగా కనిపించింది. ఇరవై సెకన్లకి మంత్రి పెదవి కొరుక్కున్నాడు. నలభయ్యో సెకనుకి, పార్లమెంటు మొత్తం చూస్తుండగా, వంగి రెండో చేత్తో బూట్లు విప్పేశాడు.

“అరికాళ్ళు... పగుళ్ళలో ఉప్పు కూరినట్టుంది,” అన్నాడు రొప్పుతూ.

“ఉప్పు మడుల్లో పని అలాగే ఉంటాదండి,” అంది రేవుపాలెం సభ్యురాలు నూకరత్నం. అంతే. ఇంకొక్క ముక్క మాట్లాడకుండా కూర్చుంది.

రేవుపాలెం ఉప్పు కార్మికులకి రబ్బరు బూట్లు, కాళ్ళ వైద్యానికి ఒక ఆసుపత్రి ఆ పూటే మంజూరయ్యాయి. సభ బల్లలు చరిచింది. పరాంకుశం కూడా చరిచాడు. పక్కవాడు చూస్తున్నాడని మరో రెండు దెబ్బలు ఎక్కువే వేశాడు.

ఆ పలక పేరు సంవేదిని. దాన్ని తయారుచేసింది డాక్టర్ షమీమ్ అనే నరాల శాస్త్రవేత్త. ఇతరుల బాధ వింటున్నప్పుడు మనలోనూ ఏదో కలుక్కుమంటుంది కదా, ఆ కలుక్కుమనడాన్ని నరాల్లో సన్నని విద్యుత్ సంకేతాలుగా పట్టుకోవచ్చని ఆమె కనిపెట్టింది. సభ్యుడు మణికట్టుకి ఒక పట్టీ కట్టుకుని జనంలో తిరుగుతాడు. అతని నరాల్లో లేచిన సంకేతాలు అందులో నమోదవుతాయి. సభలో ఆ పట్టీని పలకకి తగిలిస్తే, మంత్రి అరచేతి గుండా అవే సంకేతాలు ఆయన ఒంట్లోకి పాకుతాయి. జవాబు చెప్పేముందు మంత్రి ఒక నిమిషం పలక మీద చెయ్యి పెట్టి తీరాలని సభ నిబంధన చేసుకుంది. పలక మీద బాధేమీ తెలియకపోతే ఆ ప్రశ్న ఆ ఏటికి కొట్టివేత.

మొదట్లో చాలామంది సభ్యులు ఉత్సాహంగా పట్టీలు కట్టుకున్నారు. మంత్రులు చెయ్యిపెట్టి, “ఏమీ తెలియడం లేదే, పలక చల్లగా ఉంది” అనేసరికి యంత్రమే పనికిమాలినదని తిట్టి వదిలేశారు. నూకరత్నం పట్టీ ఒక్కటే ప్రతిసారీ పనిచేసేది. ఆమె రాజకీయాల్లోకి రాకముందు పద్దెనిమిదేళ్ళు పల్లెల్లో నర్సుగా తిరిగిన మనిషి.

పరాంకుశం తుమ్మలకొండ నుంచి నాలుగుసార్లు గెలిచాడు. అతను లేచాడంటే క్యాంటీన్‌లో టీ తాగుతున్న సభ్యులు కప్పులు వదిలేసి వచ్చేవారు. మాటకి మాట తొడిగి, నవ్వించి, మంత్రి మెడకి ఉచ్చు బిగించి మరీ కూర్చునేవాడు. తుమ్మలకొండలో రంగుల కర్మాగారం వదిలే నీళ్ళు భూమిలోకి ఇంకి, బోర్లన్నీ చేదెక్కి, ఊళ్ళకి ఊళ్ళు కడుపు పట్టుకుని అల్లాడుతున్న సంగతి పదకొండేళ్ళుగా సభలో ఎత్తుతున్నాడు. ప్రతిసారీ చప్పట్లు మోగాయి. ప్రతిసారీ జలవనరుల మంత్రి “పరిశీలనలో ఉంది” అన్నాడు.

ఆ వారం నియోజకవర్గానికి వెళితే సాలమ్మ ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి. నీళ్ళ గొడవలో అర్జీలన్నీ ఆమె పేరుమీదే ఉన్నాయి.

“మీరు మాట్లాడతా ఉంటే ఇనేదానికి శానా బాగుంటాది సారూ. టీవీలో జూస్తాం,” అంది. పరాంకుశం ముఖం విప్పారింది. “ఆ రేవుపాలెమామె అసలు మాట్లాడదంట గదా. ఆడ మాత్రం పనులు అయితా ఉండాయంట. మనకూ అట్లాంటామె ఉండుంటే...” అని నాలుక కరుచుకుంది.

ఆ మాట పరాంకుశం గుండెలో చేపముల్లులా దిగబడింది. దారి పొడుగునా కారులో అదే. నాలుగుసార్లు గెలిచినవాణ్ణి, నోరు తెరిస్తే రెండు వాక్యాలు రాని మనిషితో పోలుస్తారా! ఆమె ఫొటో పేపర్లో కనిపిస్తే పేజీ తిప్పేసేవాడు, తిప్పి మళ్ళీ వెనక్కి వచ్చి చదివేవాడు. ఆమె ఎన్ని ప్రశ్నలు వేసిందో, ఎన్ని సాధించిందో తన కార్యదర్శికన్నా అతనికే బాగా గుర్తు.

చివరికి అహం చంపుకుని డాక్టర్ షమీమ్ ప్రయోగశాలకి వెళ్ళాడు.

“డాక్టరమ్మా, నిజం చెప్పండి. ఆమె పట్టీలో ప్రత్యేకంగా ఏం పెట్టారు?”

షమీమ్ నవ్వింది. “అన్నీ ఒకటే అచ్చులో పోసినవండీ. ఆవిడ చేసేదల్లా జనం దగ్గర కూర్చుని వినడం. పట్టీకి మాటలు అక్కర్లేదు. మోసేవాడిలో ఏం కదిలితే అదే ఎక్కుతుంది.”

“ఎక్కిందో లేదో నాకెలా తెలుస్తుంది?”

“ఈ చిన్న దీపం చూడండి. లోపల ఎంత బలంగా కదిలితే అంత ఎర్రగా వెలుగుతుంది. ఒక్క సంగతి గుర్తుంచుకోండి. ఎంత మంటో దీనికి తెలుసు. ఎందుకు మంటో తెలియదు.”

పరాంకుశం తల ఊపి, పట్టీ కట్టించుకుని వచ్చేశాడు.

తుమ్మలకొండలో సాలమ్మ ఇంటి అరుగు మీద పొద్దున్నించీ కూర్చున్నాడు. సాలమ్మ మనవరాలు గంగ ఆరేళ్ళది, తిన్నది తిన్నట్టే కక్కుకుంటోంది. ఆ సంగతే సాలమ్మ చెబుతోంది. పరాంకుశం వింటున్నాడు, మధ్యమధ్యలో మణికట్టు చూసుకుంటున్నాడు. దీపం వెలగలేదు. ఇంకొకామె వచ్చి మొగుడి సంగతి చెప్పింది. దీపం వెలగలేదు. ఇలాంటివి పదకొండేళ్ళుగా వింటూనే ఉన్నాడు. ఏ కష్టాన్ని ఏ వాక్యంలో పెడితే సభ అదురుతుందో అతని బుర్ర తనంతట తానే అల్లుకుపోతోంది.

అంతలో పక్కింట్లో టీవీ మోగింది. “ఈ ఏటి ఉత్తమ పార్లమెంటు సభ్యురాలిగా రేవుపాలెం సభ్యురాలు నూకరత్నం...”

ఆ బిరుదు తనది. రెండేళ్ళుగా తనకే వస్తుందని అందరూ అన్నారు. తీసుకునేటప్పుడు మాట్లాడవలసిన మాటలు కూడా సిద్ధం చేసుకున్నాడు. పొత్తికడుపులో మొదలైన సెగ ఛాతీ దాకా పాకి గొంతులో చేదుగా ఆగింది. అరుగు అంచు గట్టిగా పట్టుకున్నాడు. సాలమ్మ ఏం చెబుతోందో ఒక్క ముక్క చెవికెక్కలేదు.

“సారూ, మీ చేతికి ఎర్రగా వెలగతా ఉండాదే!” అంది సాలమ్మ.

చూసుకున్నాడు. దీపం నిప్పుకణికలా ఉంది. అది ఎందుకు వెలిగిందో అతనికి తెలుసు. విప్పేసి మళ్ళీ మొదలుపెట్టొచ్చు. విప్పలేదు.

మర్నాటికి మర్నాడు సభలో అతని వంతు వచ్చింది. జీవితంలో మొదటిసారి ప్రసంగం లేకుండా, “తుమ్మలకొండ నీళ్ళ సంగతి అధ్యక్షా” అని మాత్రం అని పట్టీ తగిలించాడు. జలవనరుల మంత్రి నవ్వుతూ పలక మీద చెయ్యి పెట్టాడు. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ముఖం మీద చెమట పట్టింది. రెండో చేత్తో పొట్ట అదుముకుంటూ బల్ల మీదకి ఒరిగాడు. పక్కనున్నవాళ్ళు పట్టుకోబోతే వద్దని సైగ చేసి నిమిషం పూర్తయ్యేదాకా చెయ్యి తియ్యలేదు.

“కడుపుమంట,” అన్నాడు చివరికి, కళ్ళు తుడుచుకుంటూ. “నా జన్మలో ఇంత కడుపుమంట ఎరగను. నిద్రపట్టదు, అన్నం సయించదు. పదకొండేళ్ళుగా ఆ ప్రజలు దీన్ని ఎలా భరించారు?”

కర్మాగారం ఆ సాయంత్రమే మూతపడింది. నలభై రోజుల్లో కొండ అవతలి నది నుంచి తుమ్మలకొండకి గొట్టాలు వేయాలని ఉత్తర్వు వచ్చింది.

సభ వాయిదా పడ్డాక నూకరత్నం పరుగులాంటి నడకతో వచ్చి పరాంకుశం చేతులు పట్టుకుంది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

“మంత్రిగారి ముఖం చూసి నాకే భయమేసింది అన్నయ్యగారూ. అంత మంట మోసుకుని ఎలాగ తిరుగుతున్నారండీ? నేనెప్పుడూ అంత మొయ్యలేదు. మీ ముందు నేనెంత?”

పరాంకుశం ఆమె ముఖంలోకి చూడలేక పట్టీ సర్దుకుంటున్నట్టు తల వంచుకున్నాడు. కానీ ‘మీ ముందు నేనెంత’ అన్న మాట చల్లటి మజ్జిగలా లోపలికి దిగింది.

నలభయ్యో రోజున తుమ్మలకొండకి నీళ్ళొచ్చాయి. అవి తాగి గంగ తిన్నది ఇముడ్చుకుంది. పరాంకుశాన్ని పూలలారీ మీద ఊరేగించారు. పుట్టిన పిల్లలకి అతని పేరు పెట్టారు. మరుసటి ఏడు ఉత్తమ సభ్యుడి బిరుదు అతనికే వచ్చింది. ఆ సభలో నూకరత్నమే శాలువా కప్పింది. పేపర్లో ఆమె ఫొటో కనిపిస్తే ఇప్పుడు అతను పేజీ తిప్పడు. “పాపం, మంచి మనిషి” అంటాడు.

అయితే పదకొండేళ్ళు తాగిన నీళ్ళు ఊరికే పోవు. మంచినీళ్ళు వచ్చిన ఏడాదికే పెద్దవాళ్ళకి ఒకరి తరవాత ఒకరికి కిడ్నీలు పాడవడం మొదలైంది. సాలమ్మకి పాదాలు వాచాయి, ముఖం ఉబ్బింది. డయాలిసిస్‌కి వారానికి రెండుసార్లు వంద కిలోమీటర్లు బస్సులో పోవాలి. ఊళ్ళోనే ఒక కేంద్రం కావాలని ఆమె పరాంకుశానికి కబురు పెట్టింది.

“నేనున్నాను కదమ్మా,” అని పట్టీ కట్టుకుని వచ్చాడు.

ఈసారి అతను మనస్ఫూర్తిగానే వచ్చాడు. అరుగు మీద కూర్చున్నాడు, అందరి కష్టాలూ ఓపిగ్గా అడిగాడు. చెప్పేముందు ప్రతివాళ్ళూ అతనికి దణ్ణం పెట్టారు. “మీరు దేవుడు సారూ, మీరు సెయ్యి పెడితే అయిపోతాది” అన్నారు. పరాంకుశానికి ఒళ్ళు పులకరించింది. మణికట్టు మీద దీపం ఎర్రగా, ఇంకా ఎర్రగా వెలిగింది. జనం బాధ ఇన్నాళ్ళకి తనలోకి నిజంగా ఎక్కిందని అతను మురిసిపోయాడు.

సభకి సాలమ్మని కూడా తీసుకెళ్ళాడు. వాచిన కాళ్ళతో గ్యాలరీ మెట్లెక్కలేక ఆమె బయట వరండాలోనే ఉండిపోయింది. అతను పట్టీ తగిలించగానే సభంతా ఊపిరి బిగబట్టింది. ఆరోగ్య మంత్రి పళ్ళు బిగించి, కళ్ళు మూసుకుని, పలక మీద చెయ్యి పెట్టాడు.

పది సెకన్లు. ముప్ఫై సెకన్లు. బిగించిన దవడ వదులైంది. మెల్లగా చిరునవ్వు మొలిచింది.

“ఆహా!” అన్నాడు మంత్రి. “ఏం హాయి! పెళ్ళిభోజనం చేసి, చెట్టు నీడన నడుం వాల్చినట్టుంది. తుమ్మలకొండ ప్రజలు ఇంత తృప్తిగా ఉన్నందుకు గౌరవ సభ్యుణ్ణి అభినందిస్తున్నాను.”

సభ బల్లలు చరిచింది. అధ్యక్షుడు ప్రశ్న కొట్టివేసినట్టు ప్రకటించాడు.

పరాంకుశం లేచి నిలబడ్డాడు. “అధ్యక్షా, ఒక్క నిమిషం... మళ్ళీ...” అన్నాడు. పట్టీని పలక నుంచి తీసి మళ్ళీ మణికట్టుకి బిగించుకుని నూకరత్నం వైపు చూశాడు. ఆ పాత మంటని ఎలాగైనా రాజేయాలని, ఆమె గెలుపులన్నీ ఒక్కొక్కటే తలుచుకున్నాడు. ఆమె అమాయకంగా, సంతోషంగా అతనికి చేతులు జోడించింది. లోపల ఎక్కడా సెగ లేదు. దీపం వెలగలేదు. అధ్యక్షుడు తరవాతి సభ్యుడి పేరు పిలిచాడు.

బయట వరండాలో సాలమ్మ బెంచీ మీద వాచిన కాళ్ళు చాపుకుని ఎదురుచూస్తోంది. లోపల బల్లలు చరిచిన చప్పుడు విన్నది కాబట్టి ఆమె ముఖం వెలిగిపోతోంది.

“ఏమన్నారు సారూ?”

పరాంకుశం బెంచీ మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

“మీరంతా సుఖంగా ఉన్నారని అన్నారమ్మా.”

సాలమ్మకి అర్థం కాలేదు. తన పాదాల వైపు ఒకసారి, అతని వైపు ఒకసారి చూసింది.

“ఎవురు సెప్పినారు వాళ్ళకి?”

“నేనే,” అన్నాడు పరాంకుశం.