పొట్టి ర్యామ్

"ఈ లిస్టు రాసినోడు నాకు దొరకాలె," అన్నాడు క్రాంతి, కాగితాన్ని కౌంటర్ మీద పడేస్తూ.

"నేనే రాసిన. దొరికిన గదా, చెప్పు," అంది ప్రణీత.

కోరుట్ల బస్టాండు దగ్గర క్రాంతి నడిపే కంప్యూటర్ దుకాణానికి ఆమె రావడం ఇది నాలుగోసారి. కొత్త కంప్యూటర్ బిగించుకుంటానని వచ్చి, మొదటిసారి లైట్లు మెరిసే క్యాబినెట్ కావాలంది. రెండోసారి వీడియోలో ఎవడో చెప్పాడని నీళ్లతో చల్లబడే కూలర్ అడిగింది. మూడోసారి జగిత్యాలలో కనుక్కొచ్చి, నీ రేట్లు ఎక్కువంది. అతనికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా ఆమె వచ్చే మేడిపల్లి బస్సు ఆగిన ప్రతిసారీ మెడ అటే తిరుగుతుంది. ఆమె మీదకంటే ఆ మెడ మీదే అతనికి ఎక్కువ కోపం.

"ఉన్నయే నలభై వేలు. అండ్ల సగం గ్రాఫిక్స్ కార్డుకే పెడ్తె మిగిలినయి ఎట్ల కొందాం? గేములాడుతవా?"

"చీరెల డిజైన్లు గీస్త."

"అంచుల మీద పువ్వులు గీసేటందుకు గంత కార్డెందుకు? రంగులు సక్కగ చూపెట్టే మానిటర్ తీస్కో. పదహారు జీబీ ర్యామ్ ఏసుకో. చాలు."

"దుకాణపోళ్లు ఎక్కువ రేటుది అంటగడ్తరు. నువ్వు తక్కువది కొనుమంటున్నవు. ఏదో మతలబున్నది."

మతలబు ఉన్నమాట నిజమే. అది ఆమె అనుకుంటున్నది మాత్రం కాదు.

సిరిసిల్లలో సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, చీరలు నేయించే ఒక సేటు ఆమెకు సోమవారం దాకా గడువిచ్చాడు. ఐదు డిజైన్లు నచ్చితే ఏడాది పొడుగునా ఇంట్లో కూర్చుని చేసుకునే పని. నచ్చకపోతే హైదరాబాద్‌లో అక్క చూసిపెట్టిన కాల్‌సెంటర్ ఉద్యోగం. ఈ సంగతి విన్నప్పటి నుంచి క్రాంతికి నిద్ర సరిగా లేదు.

గంటసేపు కొట్లాడి కార్డు, కూలర్, లైట్లు అన్నీ లిస్టులోంచి కొట్టేయించాడు.

"ర్యామ్ గుడ కొట్టెయ్యి," అంది ఆమె. "మా నాన్న ఖతర్ నుంచి పంపుతుండు. మా ఊరి రాజనర్సు మామ సెలవు మీద అస్తుండు, ఆయన పట్టుకస్తడు."

"ఏ రకందో చెప్పినవా?"

"పదహారు జీబీ అని చెప్పిన. ఇంకేముంటది?"

ఇంకా చాలా ఉంటుందని చెప్పేలోపే ఆమె బస్సెక్కేసింది.

శనివారం పొద్దున వానలో తడుస్తూ వచ్చింది. సెంటు సీసాల వాసన కొడుతున్న టవల్ విప్పి ర్యామ్ తీసింది. క్రాంతి నెత్తి పట్టుకున్నాడు.

"గిది ల్యాప్‌టాప్‌ది. పొట్టిగున్నది. నీదాంట్ల పట్టది."

"కొంచెం నెట్టి చూడు."

"నెట్టుడేంది? గిదేమన్న బస్సుల సీటా?"

ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే పిల్ల ర్యామ్‌ను మళ్లీ టవల్‌లో చుట్టింది. "మూడు వారాలు సెలవు లేకుంట డ్యూటీ చేసి కొన్నడు మా నాన్న. ఆయనకెట్ల చెప్పాలె? కొత్తది కొందామంటే నా దగ్గర ఒక్క రూపాయి లేదు," అంది. కళ్లు నిండాయి.

ఒకరు కొని, ఇంకొకరు సముద్రాలు దాటించి మోసుకొచ్చి, ఏది కావాలో మాత్రం ఎవరూ అడగని ఈ గల్ఫ్ పార్శిళ్ల ఆనవాయితీ మీద క్రాంతికి ఒళ్లు మండిపోయింది. స్క్రూడ్రైవర్ అందుకుని, తన సొంత కంప్యూటర్ విప్పి, దానిలోని ర్యామ్ పీకి ఆమెదాంట్లో పెట్టాడు. ఆమె నాన్న జలపతి పంపింది తన ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాడు.

"గిట్లెందుకు చేస్తున్నవు?"

"సిరాకు లేసి. ఐదుసార్లు అచ్చి నా పాణం తీసినవు. ఇది ఆన్ కాకుంటె హైదరాబాద్ పోతవు. ఆన్ అయితె ఇంట్ల కూసుంటవు, ఇటు దిక్కు రావు. నాకు రెండూ నచ్చుతలేవు. నువ్వంటె ఇష్టం, గంతే. నవ్వకు, ఇంకా మండుతది."

అప్పటిదాకా ఆమె నవ్వలేదు. ఆ మాటకు నవ్వింది. తెర మీద వెలుగొచ్చింది. అదే సమయానికి ఖతర్ నుంచి వీడియో కాల్.

"నేను పంపింది పనికచ్చిందా బిడ్డా?" అడిగాడు జలపతి.

ఔనను, ఔనను అని క్రాంతి సైగ చేశాడు. ఆమె పట్టించుకుంటే కదా.

"పనికచ్చింది నాన్నా, కని నాదాంట్ల కాదు. నువ్వు పంపింది ల్యాప్‌టాప్‌ది. గీ క్రాంతి అది తన దాంట్ల ఏసుకొని, తనది తీసి నాకు పెట్టిండు."

"పైసలు?"

"తీస్కోలే. నేనంటె ఇష్టమంటుండు. తిట్టుకుంటనే చెప్పిండు."

"మరి నీకు?"

"నాకు గుడ," అని ఫోను క్రాంతి వైపు తిప్పింది.

క్రాంతి లేచి నిలబడ్డాడు. చేతిలో స్క్రూడ్రైవర్ అలాగే ఉంది. జలపతి అతన్ని పైనుంచి కిందికి, మళ్లీ పైకి, చాలాసేపు చూశాడు.

"అచ్చే నెల నేను సెలవు మీదస్తున్న," అన్నాడు. "పిలగాని అంగి సైజెంతనో చెప్పు బిడ్డా. ఈసారి అడిగే కొంట."