బొటనవేలూ, పదకొండు పేజీల ఉత్తరమూ

సాయంత్రం ఏడున్నరకి సీరియల్ మొదలయ్యేసరికి ఆ ఇంట్లో తల్లీ కూతుళ్ళిద్దరూ సోఫాలో సిద్ధంగా ఉంటారు. తల్లి ఒళ్ళో నవల, కూతురి చేతిలో ఫోను. తల్లి పేజీ మీద వేలు పెట్టుకుని తెరని సోదా చేస్తుంది. దొరికిన తప్పుని దొరికినట్టే కూతురు ఛానెల్‌వాళ్ళ పేజీలో పెట్టేస్తుంది. వాళ్ళకది కాలక్షేపం కాదు, డ్యూటీ.

ఆ నవలంటే తల్లికి ముప్పై ఏళ్ళుగా ప్రాణం. ఆ పిచ్చిని కూతురికి పదమూడో ఏట అంటించింది. అట్ట ఊడిపోయి, సగం పేజీలు టేపు మీద నిలబడ్డ ఆ పుస్తకాన్ని టీవీలో తీస్తున్నారని తెలిసిన రోజు నుంచీ ఇద్దరూ కారాలు మిరియాలు నూరుతూ ఎదురుచూశారు.

టీవీవాళ్ళు నిరాశపరచలేదు. నవలలో లేని మేనత్తలు ముగ్గురు ఊడిపడ్డారు. నవలలో పేజీకోసారి నవ్వే హీరోయిన్ మొదటి ఎపిసోడ్ నుంచీ ఏడుస్తూనే ఉంది. హీరోకి మీసం పెట్టారు, కుక్కని ఎత్తేశారు. దాంతో ప్రేక్షకులు రెండు పార్టీలుగా చీలిపోయారు. ఆ కుక్క మీకేం అపకారం చేసిందని పుస్తకం పార్టీ నిలదీస్తే, అంత ఇదిగా ఉంటే ఇంట్లో కూర్చుని పుస్తకమే చదువుకోండని టీవీ పార్టీ తిరగబడింది. మధ్యలో ఒకావిడ మాత్రం హీరోయిన్ ఇంట్లో కర్టెన్లు ఎక్కడ దొరుకుతాయో చెప్పమని రోజూ అడిగేది. ఆవిడకి ఎవరూ జవాబు చెప్పిన పాపాన పోలేదు.

కూతురు ఫిజియోథెరపిస్టు. పొద్దుట్నుంచీ పట్టేసిన మెడలూ, బిగుసుకుపోయిన భుజాలూ చూసే మనిషి. తొమ్మిదో ఎపిసోడ్‌లో మిగతా జనమెవరికీ కనిపించనిది ఆమె కంటపడటానికి కారణం అదే.

నవలలో హీరోకి నోరు పెగలదు. చెప్పాలనుకున్నదంతా ఉత్తరాల్లో రాస్తాడు. టీవీలో ఉత్తరం వచ్చినప్పుడల్లా తెరనిండా ఒక చెయ్యి కనిపించేది. హీరో మొహానికి రాని నటన ఆ చేతికి వచ్చు. కష్టమైన మాట ముందు కలం కాస్త ఆగేది, ధైర్యం చేసి ముందుకు సాగేది. పదమూడేళ్ళప్పుడు తను ఊహించుకున్నది సరిగ్గా ఈ చెయ్యినే అనిపించింది ఫిజియోకి. అయితే వాక్యం అయిపోయి కలం పైకి లేచిన ప్రతిసారీ బొటనవేలు ఒక్క క్షణం వంగినట్టే ఉండిపోయి, తర్వాత టక్కున తెరుచుకుంటోంది.

వెంటనే పేజీలో పెట్టింది. ఈ సీరియల్ మొత్తంలో నవలకి న్యాయం చేసింది ఆ చెయ్యి ఒక్కటేననీ, అది హీరోది కానే కాదనీ, ఎవరిదైనా సరే ఆ బొటనవేలికి పట్టు జబ్బు మొదలైందనీ, ముదరకముందే చూపించుకోమనీ రాసింది. మూడొందలమంది పగలబడి నవ్వారు.

నాలుగో రోజు క్లినిక్‌కి పొడుగాటి మనిషి ఒకతను వచ్చి, కుర్చీలో కూర్చుని, మాటా పలుకూ లేకుండా కుడిచెయ్యి బల్ల మీద పెట్టాడు. ఆమె మొహం చూడలేదు. చెయ్యి చూసి గుర్తుపట్టేసింది.

"మీరు..."

"చెయ్యినండి. సెట్‌లో నన్నలాగే పిలుస్తారు. షాట్ రెడీ, చెయ్యిని రమ్మనండి అంటారు. మిగతా మనిషిని వదిలేసి రావడం కుదరక వెంట తెచ్చుకుంటుంటాను."

అసలు ఉద్యోగం యూనివర్సిటీలోనట. పట్టాల మీద పేర్లు రాస్తాడు. ఏడాదికి నాలుగు వేల పేర్లు, ఒక్క కొట్టివేత ఉండకూడదు. సీరియల్ మొదలైనప్పటి నుంచీ ఎవరైనా తన చెయ్యి గురించి ఒక్క ముక్క రాస్తారేమోనని ప్రేక్షకులు రాసిందల్లా చదువుతున్నాడు. తీరా మొదటిసారి ఒకరు రాస్తే అందులో జబ్బు పేరుంది. ఈ సంగతి అతను చాలా దిగులుగా చెప్పాడు, కళ్ళు మాత్రం నవ్వుతున్నాయి. ఆ పేజీలో ఆమె పేరు చూసి క్లినిక్ వెతుక్కుంటూ వచ్చాడట.

ఆరు వారాలు పట్టీ వెయ్యాలనీ, కలం ముట్టుకోకూడదనీ ఆమె చెప్పాలి. చెప్పబోయింది కూడా. ఈలోగా అతను మూడు వారాల్లో ఆఖరి ఉత్తరం షూటింగ్ ఉందన్నాడు.

ఆఖరి ఉత్తరమంటే పదకొండు పేజీలు. నవల ప్రాణమంతా అందులోనే ఉంది. తల్లి దాన్ని చూడకుండా అప్పజెబుతుంది. కూతురికి మొదటి మూడు వాక్యాలు దాటితే కళ్ళు మసకబారతాయి. మన ఫిజియో చెయ్యకూడని పని చేసింది ఇక్కడే. మూడు వారాలు ఎలాగోలా నెట్టుకొద్దాం, రోజు విడిచి రోజు రండి, ఆ ఉత్తరం అయ్యాక పట్టీ వేద్దాం అంది. చదువుకున్న చదువంతా ఏ గట్టున పెట్టిందో ఏమో.

కరిగిన మైనంలో చెయ్యి ముంచి పావుగంట కూర్చోవాలి. ఆ పావుగంటలో తెలిసిందేమంటే, ఆ మహానుభావుడు నవల చదవనే లేదు. ఇచ్చిన వాక్యం ఇచ్చినట్టు రాసి వచ్చేస్తాడు. ఫిజియో నోరు వెళ్ళబెట్టింది. అతను మళ్ళీ వచ్చేసరికి లైబ్రరీ కాపీ తెచ్చి అతని ఎడంచేతిలో పెట్టింది.

వారం తిరక్కుండా చదివేసి, అభిప్రాయాలు కూడా వెంటబెట్టుకుని వచ్చాడు. ఎదురింట్లో ఉన్న అమ్మాయికి ఇష్టమని చెప్పడానికి పదకొండు పేజీలెందుకు, రోడ్డు దాటి తలుపు కొట్టొచ్చుగా అన్నాడు. ఆమె ఒంటికాలి మీద లేచింది. చెప్పలేకపోవడంలోనే ప్రేమంతా ఉందనీ, మీలాంటివాళ్ళ కోసమే టీవీలున్నాయనీ దులిపేసింది. అతను మైనం చెయ్యి పైకెత్తి లొంగిపోయాడు. ఆ రోజంతా మండిపడుతూ పనిచేసిన మనిషి, సాయంత్రానికి ఎల్లుండి అతనికి చెప్పాల్సిన జవాబులు ఆరు పోగేసి పెట్టుకుంది. ఆదివారం క్లినిక్‌కి సెలవని మొదటిసారి విసుక్కుంది.

"మీరు వచ్చినప్పుడల్లా నా చెయ్యి ఎలా ఉందనే అడుగుతున్నారు," అన్నాడొకసారి. "నేనూ ఉన్నాను కదా. నన్నూ ఒక మాట అడగొచ్చు."

"సరే. మీరెలా ఉన్నారు?"

"ఇప్పుడు బాగున్నాను."

ఆమె మైనం వేడి సరిచూడటానికి లేచింది. అది సరిగ్గానే ఉంది. అయినా చాలాసేపు చూసింది.

షూటింగ్ రెండు రోజుల్లో ఉందనగా, ముందు పేషెంటుని పంపించి ఫిజియో వసారాలోకి వచ్చింది. అతను గోడవైపు తిరిగి నీళ్ళ సీసా మూత పళ్ళతో తీస్తున్నాడు. కుడి బొటనవేలు అరచేతిలోకి ముడుచుకుపోయి ఉంది. సీసా చంకలో పెట్టుకుని, ఎడంచేత్తో ఆ వేలుని పట్టి కళ్ళు మూసుకుని లాగాడు. అంత దూరానికీ చప్పుడు వినిపించింది. కళ్ళు తెరిచి ఆమెని చూడగానే చెయ్యి జేబులో పెట్టేసుకుని నవ్వాడు.

ఎప్పట్నుంచి ఇలా అని అడిగితే వారం నుంచన్నాడు. తనకెందుకు చెప్పలేదని అడిగింది.

"చెబితే రాయొద్దంటారు. ఆ ఉత్తరం కోసం పదమూడో ఏటి నుంచీ చూస్తున్నారు కదా. మీకోసం రాద్దామనుకున్నా."

సిగ్గుతో ఆమె తల వాలిపోయింది. వేలు ఇలా అవుతుందని తనకి మొదటి రోజే తెలుసు. తెలిసీ పదకొండు పేజీల మీద ఆశతో నెట్టుకొచ్చింది. ఇంకొక్క రోజు పొద్దస్తమానం రాస్తే కోత తప్పదు, ఆపైన ఈ మనిషి నాలుగు వేల పేర్లు ఏ చేత్తో రాస్తాడు? ఏడుపొచ్చింది ఆమెకి. నవల కోసం కాకుండా ఏడవడం ఈమధ్యకాలంలో అదే మొదలు.

"రాయొద్దు," అంది.

ఇన్ని ఎపిసోడ్లయ్యాక ఇంకో చెయ్యి పెడితే అతకదని డైరెక్టరు ముందే అన్నాడనీ, తను రాకపోతే ఉత్తరమే ఎత్తేస్తారనీ అతను నచ్చజెప్పబోయాడు.

"ఎత్తేస్తే ఎత్తెయ్యనివ్వండి."

"నవల పాడైపోతుందండీ."

"పోనివ్వండి. ఇంకోటి. రేపట్నుంచి మీ వేలు మా సీనియర్ చూస్తారు. నేను చూడను."

అతని మొహం పాలిపోయింది. "కోపమొచ్చిందా?"

"రాలేదు. వేలొక్కటే చూడటం నా వల్ల కావట్లేదు. అలాంటప్పుడు వైద్యం చెయ్యకూడదు."

 అతను సీసా కింద పెట్టాడు. పదకొండు పేజీల విషయం మీరు రెండు ముక్కల్లో చెప్పేశారండీ అన్నాడు. తనూ అదే చెబుదామని మూడు వారాలుగా చూస్తున్నాననీ, వాడెవడో రోడ్డు దాటలేదని తిట్టాను గానీ తానూ దాటలేకపోయాననీ ఒప్పుకున్నాడు.

ఆరు వారాలు కలం పట్టకూడదని సీనియర్ రాసిచ్చిన కాగితం చూసి డైరెక్టరు తల పట్టుకున్నాడు. ఉత్తరం ఎత్తేసి, హీరో చేత హీరోయిన్‌కి ఫోన్ చేయించాడు.

ఆఖరి ఎపిసోడ్ రోజు ఫిజియో అతన్ని ఇంటికి తీసుకెళ్ళి, తెలిసినవాళ్ళని చెప్పి కూర్చోబెట్టింది. అంతా చెప్పేయాలనే తెచ్చింది గానీ, ధైర్యం చాలక ముందు సీరియల్ అవనిద్దామనుకుంది. తల్లి అప్పటికే ఉత్తరం పేజీ తీసి, మొదటి వాక్యం మీద వేలు పెట్టుకుని ఉంది. తెర మీద ఫోన్ మోగింది. నాలుగు నిమిషాల ఫోన్‌లో రెండు నిమిషాలు సిగ్నలే లేదు. తల్లి వేలు పేజీ మీద నుంచి కదల్లేదు.

"ఆ ఉత్తరం ఎత్తేయించినవాళ్ళ చేతులు పడిపోను," అంది.

అతను పట్టీ వేసిన వేలుని దిండు కిందకి తోశాడు. ఫిజియో టీవీ కట్టేసి, ఎత్తేయించింది నేనేనమ్మా అని మొత్తం చెప్పింది. మూడు వారాలు తను చేసిన నిర్వాకం కూడా దాచలేదు. పక్కన ఆమె ఫోన్ ఆగకుండా మోగుతోంది. ఈ ఘోరం ఎవరు చేశారో చెప్పాలని రెండు పార్టీలూ మొదటిసారి ఏకమై అడుగుతున్నాయి.

తల్లి దిండు తీసి ఆ వేలుని పరీక్షగా చూసింది. తర్వాత కూతుర్ని చూసింది.

"అయితే వేలు బాగయ్యాక ఇతనిచేత రాయించుకుంటావన్నమాట."

"రాయకపోయినా ఫర్వాలేదమ్మా."

 ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ అనగా తల్లి ఎన్నడూ వినలేదు. పుస్తకం మూసి, కళ్ళద్దాలు తీసి, అతనివైపు తిరిగి కూర్చుంది.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరెవరున్నారు బాబూ?"

అమ్మా నాన్నా ఉన్నారండీ అంటూ అతను నిటారుగా సర్దుకున్నాడు.

"వాళ్ళు నవల చదివారా?"

అతను ఫిజియో మొహం చూశాడు. అబద్ధం చెబుదామా అని ఒక్క క్షణం అనుకుని, మానేశాడు.

"లేదండీ. మా అమ్మ టీవీలోనే చూసింది. చాలా బాగుందంది."

తల్లి గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది.

"పోనీలే," అంది. "పెళ్ళన్నాక ఎవరో ఒకరు సర్దుకుపోవాలి."