ఐదు నిమిషాల నకలు

ఫార్మసిస్టు మా గదిలోకి వచ్చిన తీరు చూడగానే నాకు మూడిందని అర్థమైంది.

"వాడొద్దని పొద్దున నేను లిస్టులోంచి తీసేసిన ఇంజెక్షన్ వార్డు స్క్రీన్ మీద ఇంకా కనిపిస్తోంది. నర్సు ఇప్పుడే అడిగింది. మీ సిస్టమ్ ఏం చేస్తోందండీ?"

వార్డులన్నీ ఆసుపత్రి డేటాబేస్ మీద ఒకేసారి పడితే అది కుప్పకూలుతుంది. అందుకే వార్డులు చూసుకోవడానికి దానికో నకలు పెట్టాను. అసలులో ఏం మారిందో ఐదు నిమిషాలకోసారి అడిగి, మారినవి మాత్రమే తెచ్చుకుంటుంది. దాన్ని ఎవరైనా ఒక్క మాటంటే నాకు ఒళ్లు మండుతుంది.

పైగా మూడు రోజులుగా నా మనసు మనసులో లేదు. సోమవారం ఇదే నకలులో, బదిలీ దరఖాస్తుల జాబితాలో ఈ ఫార్మసిస్టు పేరు చూశాను. రేపు ఆర్డర్లు వస్తాయి, ఈమె వెళ్లిపోతుంది. ఏడాదిగా నోటిదాకా వచ్చిన మాటను మింగేస్తూ వచ్చిన నేను, అప్పటినుంచి ఈమెతో ముక్తసరిగా మాట్లాడుతున్నాను.

మారినవన్నీ సరిగ్గానే వస్తున్నాయి, పొరపాటు మీ వైపే ఉంటుందన్నాను.

"మారినవి వస్తాయి, సరే. అసలు లేకుండా పోయినవి?"

తీసేసింది మారినవాటిలో ఎక్కడుంటుంది? అది పోయిందని నకలుకు చెప్పే దిక్కే లేదు. ఇంత చిన్న విషయం నాకెలా తట్టలేదో!

ముందు వార్డుకు ఫోన్ చేశాం. అల్మరాలో మిగిలిన ఇంజెక్షన్లు ఇంకా ఎవరికీ ఇవ్వలేదట. ఊపిరి పీల్చుకుని, అసలునూ నకలునూ మొదటినుంచీ పోల్చే పని మొదలుపెట్టాను. అసలులో లేనివన్నీ నకలులోంచి ఒక్కొక్కటే చెరిగిపోతున్నాయి. మందులయ్యాక బదిలీల జాబితా వచ్చింది. అందులోంచి ఈమె పేరూ ఎగిరిపోయింది.

"మీ దరఖాస్తు?"

"సోమవారం పొద్దున పెట్టాను, సాయంత్రానికే వెనక్కి తీసుకున్నాను. చెబుదామని వస్తే మీరు తలే ఎత్తలేదు."

ఇప్పుడు కాకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేననిపించింది.

"మీరు వెళ్లిపోతారని మూడు రోజులుగా నాకు అన్నం సహించలేదు. మీరంటే నాకు ఇష్టం."

ఆమె కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుంది.

"మా అమ్మకు తెలుసు. వార్డులో నర్సులందరికీ తెలుసు," అంది. "నేను ఎవరికోసం ఆగిపోయానో మీకొక్కరికే తెలియలేదు."