తాగుబోతు గోడ

బహ్రెయిన్‌లో సఖీర్ ఎడారి నుంచి రిఫా ఊరి వైపు వచ్చే మట్టిదారి పక్కన ఒక గోడ ఉంది. ఇల్లు లేదు, కప్పు లేదు, గుమ్మం లేదు — ఒక్క గోడే. మన డ్రైవర్లు దానికి తాగుబోతు గోడ అని పేరు పెట్టారు. రాత్రిపూట దాని పక్కన బండి ఆపితే తెల్లారేసరికి ట్యాంకు ఎండిపోతుందట. దొంగల పని అని కొందరంటారు. దొంగలైతే బండిలో సామాను ఎందుకు ముట్టుకోరని మరికొందరు.

పాతకాపులు చెప్పేది వేరు. ఆ గోడ కట్టిన మేస్త్రి ఎవరో, ఏ దేశం వాడో ఎవరికీ తెలియదు. మండుటెండలో, నీళ్లు తేవలసిన బండి రాక, సిమెంటు తాపీ చేతిలో ఉండగానే అక్కడే ఒరిగిపోయాడట. మిగతా మూడు గోడలు లేవనే లేదు. అతని దాహం మాత్రం లేచి తిరుగుతోందట… నీళ్లేవో డీజిలేదో తేడా తెలియని దాహం.

గల్ఫులో చలేమిటని మన ఊళ్లలో నవ్వుతారు. దుబాయి పోయేవాడి పెట్టెలో స్వెట్టరు పెడితే చూసినవాళ్లు వేళాకోళం చేస్తారు. జనవరిలో బహ్రెయిన్ ఎడారిలో ఉత్తరపు గాలికి ఒక్క రాత్రి నిలబడితే ఆ నవ్వు పళ్ల మధ్యే ఇరుక్కుంటుంది. చిత్రమేమిటంటే అరబ్బులు ఆ కాలంలోనే ఇళ్లు వదిలి, ఎడారిలో గుడారాలు వేసుకుని సరదాగా గడుపుతారు. వాళ్లు వెళ్లిపోయాక గుడారాలకు కాపలా ఉండేది మాత్రం మనవాళ్లే.

జగిత్యాల దిక్కు నుంచి వచ్చిన లింబాద్రి అలాంటి కాపలావాడు. అతనికి ఉబ్బసం. వాళ్ల వైపు దమ్ము అంటారు. ఆ సాయంత్రం చలిగాలికి దమ్ము లేచింది. నోట్లో కొట్టుకునే మందు అయిపోయింది. పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని, కఫీల్, తన డ్రైవరు భీమన్నకు ఫోన్ చేసి, “యల్లా, తొందరగా వాణ్ని ఆస్పత్రికి తీసుకుపో,” అన్నాడు.

భీమన్న వ్యాను తీశాడు. ఆ వ్యాను జర్మనీలో ఎవరో వాడి అమ్మేస్తే ఓడెక్కి వచ్చింది. కఫీల్ కొని నెల కూడా కాలేదు. లింబాద్రిని ఎక్కించుకుని తిరిగి వస్తుంటే — పొగమంచు దిగింది.

అలాంటిలాంటి మంచు కాదు. లైట్లు వేస్తే ఎదురుగా తెల్లటి దుప్పటి ఆరేసినట్టు ఉంది. దారీ ఎడారీ ఒకటైపోయాయి. భీమన్న గుడ్డిగా కొంత నడిపి, ఇంక లాభం లేదని ఆపేశాడు. కిటికీ పక్కన ఏదో నల్లగా… నిలువుగా…

“ఏడ ఆపినవ్ తమ్మీ?”

“ఏమో అన్నా. ఏదో గోడ కాడ.”

“ఆ గోడనా?”

“కాదే. వేరే గోడ.”

“ఈ ఎడారిల ఇంకో గోడెక్కడిదిరా?” అని లింబాద్రి నవ్వబోయాడు. ఆ నవ్వు దగ్గై, ఈలై, ఆయాసమై ఎప్పటికో ఆగింది.

భీమన్న ఆంబులెన్సుకు ఫోన్ చేశాడు. వాళ్ల బళ్లూ మంచులోనే చిక్కుకున్నాయి. మనిషిని వెచ్చగా ఉంచు, దారి కనబడగానే నువ్వే తెచ్చేయ్ అన్నారు. డీజిలు ముల్లు పావుకు పైన ఉంది. ఆస్పత్రికి చాలు. ఇంజను ఆపేశాడు. ఆ గోడ పేరు విన్నవాడు ఊరికే డీజిలు కాలుస్తాడా?

చలి లోపలికి పాకింది. లింబాద్రి రొమ్ములో పిల్లి కూతలు మొదలయ్యాయి. ఫోను వెలుగులో తడుముకుంటుంటే అతని చేతికి మంట బొమ్మ ఉన్న గుండ్రటి మీట ఒకటి తగిలింది. తిప్పాడు. అడుగున ఎక్కడో ఏదో నిట్టూర్చింది. కాసేపటికి కాళ్ల దగ్గర వెచ్చటి గాలి.

“ఇంజన్ బందున్నా ఉడుకు గాలొస్తుందేందిరా?”

“బ్యాటరీది అయ్యుంటది. జర్మనీ బండి గదా!”

లింబాద్రి ఊపిరి కొంచెం సర్దుకుంది. భీమన్న దుప్పటి అతనికే కప్పాడు. ఇద్దరికీ కునుకు పట్టింది.

భీమన్నకు మెలకువ ఎందుకొచ్చిందో తెలియదు. విన్నాడు.

టిక్… టిక్… టిక్…

బండి అడుగు నుంచి. ఎవరో బోర్లా పడుకుని, ఓపిగ్గా, ఒక్కొక్క గుటకే మింగుతున్నట్టు.

అనుమానం వచ్చి తాళం ఒక్క మెట్టు తిప్పాడు. ముల్లు లేచి… ఎర్ర గీత మీద ఆగింది. ఎర్ర దీపం వెలిగింది.

ఇంజను ఆపే ఉంది. బండి అంగుళం కదల్లేదు. మరి డీజిలేది?

“అన్నా…” అన్నాడు గుసగుసగా. “తాగుతున్నడే.”

లింబాద్రి కళ్లు తెరిచే ఉన్నాయి. అతనూ వింటున్నాడు. భీమన్న కిటికీకి ఫోను లైటు ఆనించి చూశాడు. చక్రం పక్క నుంచి, నేల మీద పాకుతూ, సన్నటి తెల్లటి పొగ వస్తోంది… ఊపిరిలా.

“ఈ కొంచెం కూడా పోతే దవఖాన్ల పడం,” అన్నాడు భీమన్న.

లింబాద్రి మాట కూడదీసుకోవడానికి చాలాసేపు పట్టింది. “ఇంటికాడ… సచ్చినోళ్లకు నీళ్లిడుస్తం గదా. ఆయనకు… ఎవలిడిసిండ్రు?”

బండిలో ఉన్నది ఒక్క నీళ్ల సీసా. “నీకొద్దా మరి?” అంటే, లింబాద్రి చేత్తోనే పొమ్మన్నాడు.

తలుపు తీసి దిగడానికి ఎంత గుండె కావాలో దిగినవాడికే తెలుసు. గోడ ఎటువైపుందో చేతులతో వెతుక్కున్నాడు. చల్లగా, గరుగ్గా తగిలింది. మోకాళ్ల మీద కూర్చుని సీసా వంచాడు.

“అన్నా, ఎవలవో నువ్వు. నీళ్లియ్యిగో. డీజిలు జరంత ఉంచు… మనిషి పానం పోతది.”

ఇసుక చప్పుడు లేకుండా పీల్చుకుంది. సీసా ఖాళీ అయింది.

టిక్… టిక్…

అంతే. ఆగిపోయింది. బండి అడుగున పొడుగాటి నిట్టూర్పు ఒకటి… ఆ తరవాత అదీ లేదు.

లోపల వేడి గాలీ ఆగింది. మీట ఎంత తిప్పినా రాలేదు. లింబాద్రి కూతలు మళ్లీ పెరిగాయి. భీమన్న అతన్ని ఒళ్లోకి లాక్కుని వీపు రుద్దుతూ కూర్చున్నాడు. ఎప్పటికో దూరం నుంచి మసీదులో తెల్లవారుజాము అజాన్ వినబడింది. రిఫా అటన్నమాట! మంచు పలచబడింది. తాళం తిప్పితే ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది… అందుకుంది.

దారంతా ఎర్ర దీపం ఆరలేదు. కానీ బండి ఆగలేదు. ఆస్పత్రిలో ముక్కుకు మాస్కు తగిలించాక లింబాద్రి పెదాల నలుపు విరిగింది.

మర్నాడు భీమన్న రిఫాలో గ్యారేజీ నడిపే ఎలియేజరు దగ్గరికి బండి తీసుకెళ్లాడు. ఎలియేజరుది కాకినాడ. చర్చిలో పాట ఎత్తుకునేది అతనే. దెయ్యాలంటే పొట్ట పట్టుకుని నవ్వుతాడు. భీమన్న చెప్పిందంతా విని, అడుగున దూరి చూసి, నవ్వుతూనే బయటికొచ్చాడు.

“ఓరి పిచ్చోడా! ఇది డీజిలు కాల్చే హీటరయ్యా. చలిదేశాల బళ్లకి ఉంటది. ఇంజను ఆపినా ట్యాంకులోంచి తాగతాది. నువ్విన్న టిక్కు టిక్కు దీని పంపే. పొగ దీని గొట్టంలోంచే.”

“మరి నీళ్లు పోయంగనే ఎట్ల ఆగింది?”

“ఇది డీజిలు పీల్చే గొట్టం ట్యాంకు అడుగుదాకా పెట్టరు తమ్ముడూ, పొట్టిగా పెడతారు. డీజిలు తగ్గిందంటే దానికి అందదు. ఆగిపోద్ది. బండి కదలడానికి కాస్త మిగలాలి కదా! నీ దెయ్యం ఇదిగో, మూరెడుంది.”

భీమన్న కూడా నవ్వాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వాడు.

“ఇంతకీ ముల్లు ఎంత దిగిందేటి?”

“పావుకు పైనుంచి ఎర్ర గీత దాకా.”

ఎలియేజరు నవ్వు ఆగింది. మళ్లీ అడుగున దూరాడు. ట్యాంకు తట్టి చూశాడు, వాసన చూశాడు. చేతులు తుడుచుకుంటూ లేచి మూత చూశాడు. తాళం వేసే ఉంది. ఆ తాళంచెవి రాత్రంతా భీమన్న దగ్గరే ఉంది.

“లీకు లేదు,” అన్నాడు మెల్లిగా. “తమ్ముడూ… రాత్రంతా తిప్పినా ఈ హీటరు తాగేది ఓ పెద్ద నీళ్ల సీసాడు. డబ్బాడు డీజిలు పోయిందంటున్నావు.”



గొట్టం పొట్టిది కనక హీటరు అక్కడ ఆగింది — బాగానే ఉంది. మరి మిగతాదంతా తాగినవాడు… సరిగ్గా అక్కడే ఎందుకు ఆగాడు?