కడగని బోటి

హర్షిత ఐస్ డబ్బా మూత తీసి చూసింది. మళ్లీ మూసి దుకాణం బల్ల మీద పెట్టింది.

"ఇదేంది?"

"బోటి," అన్నాడు తిరుమల్. "తెల్లారేసరికి కావాలె అని ఫోన్ జేసింది నువ్వే గద."

"కడగమని ఎవరు చెప్పిన్రు?"

తిరుమల్‌కు ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఇబ్రహీంపట్నం బస్టాండు పక్కన ఆ మటన్ దుకాణం అతని తండ్రి పెట్టింది. డిగ్రీ అయ్యాక తిరుమల్ దాన్నే నడుపుతున్నాడు. మేక పేగులను కడగకుండా ఎవరికైనా ఇచ్చినట్టు అతనికి గుర్తు లేదు. ఆ పని ఎప్పుడూ తల్లి వజ్రమ్మది. ఫోన్ చేసింది చదువుకున్న పిల్లలా ఉందని ఆ రోజు తానే కూర్చున్నాడు. పేగును పుల్లతో లోపలిది బయటికి తిప్పి, సున్నం రాసి, వేడినీళ్లు పోసి, జిగురంతా గీకాడు. బోటి తెల్లగా వచ్చింది.

"నాకు ఆ జిగురే కావాలె," అంది హర్షిత. "దాని కింద ఒక పొర ఉంటది, అది కావాలె. రెండూ గీకి పారేసినవ్."

"కడగని బోటి తీస్కపోయి ఏం జేస్తవ్?"

"నీకెందుకు?"

"ఎవరికన్న వండి పెడ్తవేమొనని."

మాంసం కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. హర్షిత నవ్వలేదు. ఎక్కాల్సిన బస్సు కదిలిపోతుంటే చూస్తూ నిలబడింది. తిరుమల్ చేతులు కడుక్కుని జర ఆగమన్నాడు. లోపల ఇంకో మేకను కోశారు. ఈసారి పేగు ముక్కకు నీళ్లు తగలనివ్వలేదు. ఆమె తెచ్చుకున్న చల్లటి ఉప్పునీళ్ల సీసాలో వేసి, ఐసులో పెట్టి ఇచ్చాడు.

"థాంక్స్," అంది ఆమె, ఇంకా కోపంగానే.

"కడిగిందేం జెయ్యాలె?"

"నువ్వే తిను."

తిన్నాడు. ఆ మధ్యాహ్నం వజ్రమ్మ వండిన బోటి కూర తింటూ రెండుసార్లు తనలో తాను నవ్వుకున్నాడు. ఏమైందని తల్లి అడిగితే ఇంకాస్త వేయమన్నాడు.

అది రింగు రోడ్డు కోసం భూములు కొలుస్తున్న కాలం. దున్నే పొలాల్లో ప్లాట్ల రాళ్లు లేచాయి. హర్షిత తండ్రి హన్మంత్ మాత్రం మంచాల రోడ్డు పక్కన ఉన్న పొలం అమ్మలేదు. పొలానికి ఆనుకుని ఇల్లు. ఇంట్లో ఆయన, ఆయన తల్లి నీలమ్మ, హర్షిత. ఆమె నగరంలోని ఒక ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది. మేకపిల్లలు పారుడు రోగంతో ఎందుకు చచ్చిపోతున్నాయన్నది అక్కడి ప్రశ్న.

రోజూ దుకాణానికి వస్తే బస్సు తప్పుతోందని, డబ్బా తానే తెచ్చిస్తానన్నాడు తిరుమల్. పొద్దున్నే బండి మీద వచ్చి గేటు దగ్గర హారన్ కొట్టేవాడు. ఆమె వచ్చి తీసుకునేది. హన్మంత్ అరుగు మీద పేపర్ చదువుతూ ఉండేవాడు. తల ఎత్తేవాడు కాదు.

గేటుకు అటూ ఇటూ నిలబడే ఆమె అతనికి తన పని చెప్పింది. పేగు లోపలి పొర ఒక్క కణం మందం. దాని పక్కనే కోట్ల కొద్దీ బాక్టీరియా బతుకుతాయి. వాటిని గుర్తుపట్టే గుణం ఆ కణాలకు పుట్టుకతోనే ఉంటుంది, ఎవరూ నేర్పనక్కర్లేదు.

"గుర్తువట్టి ఏం జేస్తది? కొడ్తదా?"

"ఊకె కొట్టది. జిగురు అడ్డం పెట్టి దూరంల ఉంచుతది. జర దగ్గరికొస్తె మందసొంటిది వదుల్తది. గంతే."

"మరి లొల్లి?"

"పొర దాటితె."

ఆమె ల్యాబ్‌లో చేసేది అదే. గాజు పెట్టె మధ్యలో పేగు ముక్కను తెరలా బిగిస్తారు. కొన్ని బాక్టీరియాలకు ఈదడానికి తోక ఉంటుంది. ఆ తోక పదార్థాన్ని ఒకసారి తెరకు ఇవతల, జిగురు వైపు వేస్తారు, ఒకసారి అవతల, ఒంటి వైపు. ఇవతల వేస్తే పొర పెద్దగా పట్టించుకోదు. అవతల వేస్తే ఒంటి కాపలా మొత్తాన్ని లేపుతుంది.

వానాకాలంలో ఒక శనివారం అతను వచ్చేసరికి హర్షిత స్నానానికి వెళ్లింది. హన్మంత్ బయట కనిపించలేదు. ఐసు కరుగుతోంది. డబ్బా లోపల ఫ్రిజ్‌లో పెట్టి పొమ్మంది నీలమ్మ. తిరుమల్ చెప్పులు విడిచి, హాలు దాటి, వంటింట్లోకి వెళ్లాడు. పాలగిన్నె పక్కన డబ్బా పెట్టి తిరిగేసరికి ఎదురుగా హన్మంత్. నుదుట నామం ఉంది. శనివారం ఆ ఇంట్లో నీసు ముట్టరు.

హన్మంత్ గొంతు పెంచలేదు. "గేటు దాక వస్తుంటివి, నేనేమన్నంటినా? ఇంట్లకెందుకొచ్చినవ్?"

"నాయనమ్మ పెట్టుమంటె..."

"డబ్బా తీస్కపో. మళ్ల ఇంటికి తేవద్దు."

మర్నాటి నుంచి హర్షిత మళ్లీ దుకాణానికే వచ్చింది. డబ్బా ఇంటికి రావద్దన్న మాటతో తాము రోజూ ఇంకా ఎక్కువసేపు మాట్లాడుకుంటున్నామని హన్మంత్‌కు తెలిస్తే ఏమంటాడోనని తిరుమల్ అనుకున్నాడు. ఆ సంగతి ఆమెతో అన్నాడు. ఆమె నవ్వలేదు.

"బడంగ్‌పేట్ సంబంధం ఒకటి వచ్చింది. సాఫ్ట్‌వేర్. దసరా పోయినంక చూడనీకె వస్తరంట."

తిరుమల్ కత్తి మొద్దు మీద పెట్టాడు. "నువ్వేమన్నవ్?"

"బాపుతోని మాట్లాడ్తలేను."

"నాతోని మాట్లాడ్తున్నవ్ గద. నీకు ఇష్టమా?"

"ఇష్టమైతె ఈడ వానల నిలవడి ఎందుకు చెప్తున్న?"

బస్టాండు రేకుల మీద వాన గట్టిగా పడుతోంది. తిరుమల్ అన్నాడు, "మీ బాపుకు నేనంటె అంత కోపమా?"

"కోపం గాదు. గదే బాక్టీరియా, గదే తోక. ఇటు దిక్కు ఉన్నన్ని రోజులు ఊకున్నడు. అటు దిక్కు వోయినవ్, లేచిండు."

"నన్ను బాక్టీరియాను జేసినవా?"

"మంచి దాంట్లనే కలిపిన, ఫికర్ చెయ్యకు."

"మరి ఎన్నడూ రానియ్యదా ఆ పొర?"

ఆమె చున్నీ కొస పిండుతూ చెప్పింది. అప్పుడే పుట్టిన మేకపిల్లకు పేగులో ఏమీ ఉండదు. మొదటిసారి బాక్టీరియా తగిలితే పొర గట్టిగానే ఉలిక్కిపడుతుంది. తర్వాత రోజూ తగులుతూ ఉంటే నెమ్మదిస్తుంది.

"మర్చిపోతదా?"

"మర్చిపోదు. ఎవరో తెల్సి ఊకుంటది."

తిరుమల్ అది పట్టుకున్నాడు. మేకలు కొనడానికి మంచాల దిక్కు పోయేటప్పుడు రోజూ హన్మంత్ గేటు ముందు బండి ఆపేవాడు. ఇంజన్ బందు చేసేవాడు కాదు. "బాగున్నవా కాక?" అనేవాడు, వెళ్లిపోయేవాడు. మొదట హన్మంత్ పేపర్ పైకి జరుపుకున్నాడు. కొన్నాళ్లకు "ఊ" అన్నాడు. తర్వాత మంచాలలో వాన పడ్డదా అని అడిగాడు. ఒకరోజు జల్లులో నిలబడ్డ తిరుమల్‌ను చూసి "తడుస్తున్నవ్" అన్నాడు. గేటు మాత్రం తెరవలేదు. తిరుమల్ దానికే సంబరపడి మంచాల దాకా తడుస్తూ పోయాడు.

దసరా రోజు దుకాణం మధ్యాహ్నం దాకా ఊపిరాడనివ్వలేదు. సాయంత్రం తలస్నానం చేసి, కొత్త అంగీ తొడుక్కుని, జమ్మి ఆకు తీసుకుని బయల్దేరాడు. ఆ ఆకును బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెన తీసుకునే రోజది. గేటు ముందు ఈసారి ఇంజన్ బందు చేశాడు. గేటు మీంచి చేయి లోపలికి చాపాడు.

"బంగారం తీస్కో కాక."

హన్మంత్ అరుగు మీంచి లేవలేదు. "గేటు మీదికెల్లి ఇస్తరా జమ్మి? లోపలికి రా."

తిరుమల్ గడియ తీశాడు. చెప్పులు విడిచాడు. ఆకు ఆయన చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. లేచాక తలుపు దగ్గర హర్షిత కనిపించింది. చెప్పాలనుకున్న మాటల్లో సగం పోయాయి.

"జమ్మి ఒక్కటే ఇయ్యనీకె రాలె కాక. హర్షితను అడగనీకె వచ్చిన."

"తెల్సు. రోజూ వచ్చి నన్ను అలవాటు జేస్తున్నవని గూడ తెల్సు." హన్మంత్ కూతురి వైపు చూశాడు. "నెలకాలం నాతోని నోరిప్పలె. మొన్న బువ్వ తినేటప్పుడు ఇప్పింది. ఇప్పి ఏం చెప్పిందంటవ్? పేగుల ముచ్చట."

తిరుమల్ హర్షితను చూశాడు. ఆమె గడప వైపు చూసింది.

"ఆ బాక్టీరియా లేకుంటె పొరకు తగిలిన దెబ్బ మానదంట గద," అన్నాడు హన్మంత్. "అలవాటు జేస్తున్ననని నువ్వనుకున్నవ్. నేను జూసింది వేరే. వాన పడ్డ రోజు గూడ వస్తడా అని జూసిన."

"వచ్చిన."

"వచ్చినవ్. కులం వేరు గద అని పదిమంది అడుగుతరు. నేను చెప్పుకుంట. బడంగ్‌పేటోళ్లకు రావద్దని పొద్దుగాల్లనే ఫోన్ చేసిన."

లేచి తిరుమల్‌ను దగ్గరికి తీసుకున్నాడు, దసరా నాడు ఎవరినైనా తీసుకున్నట్టే. లోపల్నుంచి నీలమ్మ ఇంకో కంచం పెట్టిన చప్పుడైంది.

కాళ్లు కడుక్కోమని హర్షిత చెంబు అందించింది. చెంబు వెంటనే వదల్లేదు.

హన్మంత్ లోపలికి పోతూ గడప దగ్గర ఆగాడు. "రేపటి సంది డబ్బా ఫ్రిజ్‌ల పెట్టు," అన్నాడు. "శనివారం మాత్రం గేటు దగ్గరనే."