అరపూట ముసలితనం

ఆ అమ్మాయికి ఇంట్లో పెట్టిన ముద్దుపేరు ఆరిందా. మాటలొచ్చిన దగ్గర్నుంచీ పెద్దవాళ్ళకే సలహాలిస్తూ తిరిగింది కాబట్టి, చివరికి వృద్ధాప్యం మీదే పీజీ చేస్తోందంటే చుట్టాల్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. జెరొంటాలజీ, రెండో ఏడాది.

ఆ పొద్దున డెబ్భై దాటిన మనిషిగా తయారై, పెద్దల డే కేర్ సెంటర్ మెట్లెక్కుతూ, ఆ చదువునే పైకి తిట్టుకుంటోంది. ఒంటి మీదున్నది, ముసలితనం ఎలా ఉంటుందో తెలియడానికి కోర్సులో భాగంగా వేసుకునే సూటు. మోకాళ్ళు వంగనివ్వని పట్టీలు, భుజాల మీద ఇసుక సంచులు, లోకాన్నంతా మసక చేసే కళ్ళద్దాలు, వేళ్ళు మొద్దుబారేలా మందపాటి గ్లోవ్స్. పైన వదులు కోటు, తలకి స్కార్ఫు, మూతికి మాస్కు. అరపూట ఇలా గడిపి, ఇక్కడి సిబ్బంది పెద్దవాళ్ళతో ఎలా మసులుకుంటారో చూసి రిపోర్టు రాయాలి. సంగతి తెలిసింది మేనేజర్ ఒక్కరికే.

ఊళ్ళో వేరే సెంటర్లు లేకనా? ఉన్నాయి. కానీ ఆ కుర్ర ఫిజియోథెరపిస్టు ఉన్నది ఇక్కడ.

పోయిన నెల అతను కాలేజీకి గెస్ట్ లెక్చర్ ఇవ్వడానికొస్తే, ఆరిందా లేచి నిలబడి అడిగేసింది. "పెద్దవాళ్ళతో మీరంతా చంటిపిల్లలతో మాట్లాడినట్టు మాట్లాడతారటగా? బుజ్జి, బంగారం అంటూ?"

"మీరొచ్చి చూశారా?" అన్నాడతను నవ్వుతూ.

చిక్కంతా ఆ నవ్వుతోనే వచ్చిపడింది. నెల రోజులుగా అది కళ్ళముందు నుంచి కదిలితే ఒట్టు. అతను నిజంగా అలాంటివాడే అయితే? రిపోర్టులో దాచడానికి లేదు, రాసి తీరాల్సిందే. ఆ తర్వాత అతని మొహం చూడాలని కూడా అనిపించదు. మెట్ల మీద గుండె దడదడలాడింది అందుకే గానీ, పాపం ఇసుక సంచుల తప్పేం లేదు.

హాల్లో ఏడెనిమిది మంది పెద్దవాళ్ళు గుండ్రంగా కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఫిజియో ఎదురొచ్చాడు.

"అలెలే! కొత్త బామ్మ వచ్చిందే! బుజ్జి బామ్మ!"

ఆరిందాకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రామ్మా బంగారూ, చిట్టి చిట్టి అడుగులు! ఒకటీ... రెండూ... శెభాష్! అందరూ చప్పట్లు కొట్టండి!"

అందరూ కొట్టారు. కిటికీ పక్కన కూర్చున్న పెద్దావిడైతే కళ్ళొత్తుకుంటూ మరీ కొట్టింది.

"ఇప్పుడు చేతులు పైకి! కాకి ఎలా ఎగురుతుంది? ఏదీ, ఎగురు! ఇంకోసారి!"

ఇసుక సంచులతో ఎగిరేసరికి ఆరిందాకి ప్రాణం కళ్ళలోకొచ్చింది. ఆయాసం కంటే దిగులు ఎక్కువగా ఉంది. ఇతని కోసమా తను నెల రోజులుగా పుస్తకం తెరిచి గోడకేసి చూస్తూ కూర్చుంది?

"దాహమేస్తోందా బుజ్జీ? ఏదీ, ఆ అను!" అంటూ అతను గ్లాసు మూతి దగ్గరికి తెచ్చాడు.

అంతే. కళ్ళద్దాలూ మాస్కూ పీకి నేలకేసి కొట్టింది.

"సిగ్గుగా లేదూ మీకు? జుట్టు నెరిస్తే మెదడు చంటిపిల్లదైపోతుందా? వీళ్ళల్లో ఎవరైనా మీకు పాఠాలు చెప్పగలరు! నేనేమో... మీరు అలాంటివాళ్ళు కాదని తేలాలని..." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

హాలంతా గొల్లున నవ్వింది.

"అమ్మాయ్, వాడు నా మనవడు," అంది కిటికీ పక్కనావిడ. "హెడ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. నన్నొక్కసారి బుజ్జీ అని ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని. ఇక్కడ అందరినీ 'గారు' అనే పిలుస్తాడు. నిన్ను కిటికీలోంచి చూడగానే, కాస్త ఆట పట్టిస్తాను, నవ్వు బయటపెట్టొద్దని మమ్మల్ని బతిమాలుకున్నాడు."

"మోకాళ్ళు పట్టేసినవాళ్ళెవరూ రెయిలింగ్ ముట్టుకోకుండా మెట్లెక్కరండీ," అన్నాడు ఫిజియో. "పైగా మీరు తిట్టుకుంటూ ఎక్కారు. ఆ గొంతు నేను మర్చిపోలేదు." అతని మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. "కానీ ఏడిపిస్తాననుకోలేదు. సారీ. మీ కాలేజీవాళ్ళు ఇలా వచ్చి రిపోర్టు రాస్తారని తెలుసు, అందులో ఏం రాసినా పడతాను."

"రిపోర్టు నేను రాయకూడదు."

"ఎందుకని?"

"చూడ్డానికొచ్చిన మనిషికి అవతలివాళ్ళ మీద ఇష్టం ఉండకూడదు. అది రూలు." ఆరిందా తల దించుకుంది. "నాకుంది. ప్రొఫెసర్ గారితో చెప్పేస్తాను. ఇంకో సెంటర్‌కి వెళ్ళి మొత్తం మొదట్నుంచి చెయ్యాలి."

హాల్లో కుర్చీలన్నీ కాస్త ముందుకు జరిగాయి.

"వినబడిందిట్రా?" అంది నాయనమ్మ. "లేకపోతే ఇంకాస్త గట్టిగా చెప్పమననా?"

ఫిజియో చెవులు ఎర్రబడ్డాయి. వంగి, ఆమె విసిరికొట్టిన కళ్ళద్దాలు తీశాడు. చొక్కా అంచుతో తుడిచి, ఆమెకివ్వకుండా తనే పెట్టుకున్నాడు. ఏమీ కనబడకపోయినా ఆమె వైపే తిరిగి అడిగాడు.

"మీ కాలేజీలో మగవాళ్ళ సైజు సూటుందా?"

"ఉంది. బరువెక్కువ."

"పర్లేదు, ఇద్దరం కలిసే వెళ్దాం," అన్నాడు. "ఎలాగూ మీతోనే ముసలివాణ్ణవ్వాలనుకుంటున్నాను. ఇప్పట్నుంచే కాస్త ప్రాక్టీసుంటుంది."